ఎనిమిదిని ఏడు చేసిన గూడెం అత్తయ్య

గూడెం అత్తయ్య పోయిందని కబురొస్తే మా ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆవిడ పోవడం అది మొదటిసారి కాదు. మొదటిసారి పోయినప్పుడు ఎండాకాలం. "ఆఖరి ఘడియలు, వెంటనే రావలెను" అని తాడేపల్లిగూడెం నుంచి టెలిగ్రాం వచ్చింది. కొంగులు నోట్లో కుక్కుకుని, ఏడుపు మొహాలతో రైలు దిగి వెళ్లాం. ఆవిడ అరుగు మీద కాళ్లు జాపుకుని మామిడికాయలు తుడుస్తోంది. "అబద్ధమెందుకాడాలి, ముక్కలు కొట్టడానికి మనుషులు దొరకలేదర్రా" అంది. రెండోసారి పోయినప్పుడు ఆ మాత్రం కారణం కూడా లేదు. ఊరికే అందరినీ చూడాలనిపించిందిట.

అందుకని మూడోసారి కబురొచ్చినప్పుడు మా ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే, "గూడెంలో ఏం కాయలు కాపుకొచ్చాయో చూడు" అన్నారు. నేను ఆలోచించాను. కార్తీకమాసం. ఉసిరికాయలు తప్ప కోసి ఊరబెట్టాల్సిన కాయలేవీ లేవు, వాటికి ముక్కలు కొట్టే మనుషులక్కర్లేదు. ఆ మాటే చెప్పాను. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. అప్పుడు లేచారు ఆయన.

ఆవిడ మా ఆయనకి మేనత్త, మా అత్తగారికి ఆడపడుచు. పొట్టి మనిషి, నోటినిండా ఎప్పుడూ తాంబూలం. కొంగు చివర పట్టుకుని పెదాల మూల తుడుచుకుందంటే ఇక ఒక అబద్ధం బయల్దేరబోతోందని అర్థం. దానికి ముందు "అబద్ధమెందుకాడాలి" అని పునాదిరాయి వేసేది. అబద్ధం మరీ పెద్దదైతే చివర్లో మొగుడి మీద ఒట్టు కూడా. ఆ మొగుడు బియ్యం మిల్లులో గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. భార్య తన మీద ఒట్టేసినప్పుడల్లా పక్కగదిలోంచి ఒకసారి దగ్గేవాడు. బతికే ఉన్నానని చెప్పుకోడానికి కాబోలు.

యుద్ధం రోజుల్లో గూడెంలో విమానాల మైదానం వేశారు కదా, అక్కడొక తెల్లవాడు దాహమేసి విమానం కిటికీలోంచి చెయ్యి చాపితే ఈవిడ మజ్జిగచెంబు అందించిందిట. "ఎగురుతున్న విమానానికా అత్తయ్యా?" అని అడిగాను, కొత్త కోడల్ని కాబట్టి. "ఎగరబోతోంటే" అంది, నన్ను జాలిగా చూసి. గూడెం స్టేషన్లో రైలు ఆవిడ కోసం ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి. రైలు అక్కడ ఎలాగూ ఆగుతుందన్న సంగతి ఆవిడకి పట్టేది కాదు.

మా అత్తగారు దీనికి పూర్తిగా ఎదురు. జన్మలో అబద్ధమాడి ఎరగరు. కాకపోతే ఆవిడ నిజాలు కూడా ఎవరికీ పనికొచ్చేవి కావు. వడ్డిస్తూ "నువ్వు నల్లబడ్డావు" అనేవారు, పలకరించడానికి వచ్చినవాళ్లతో "మీ అబ్బాయికి ఇక పెళ్లి కాదు" అనేవారు. ఈ వదినా ఆడపడుచులిద్దరూ ఒక చూరు కింద చేరితే చూడాలి. అత్తగారు "ఇవాళ ఎండ మండిపోతోంది" అంటే గూడెం అత్తయ్య కొంగు భుజాల చుట్టూ కప్పుకుని "చలేస్తోంది వదినా" అనేది. పులుసులో ఉప్పెక్కువైందని ఈవిడంటే, ఆవిడ ఇంకొంచెం ఉప్పడిగి కలుపుకుని, ఆ ఉప్పుకషాయం ఆఖరి చుక్కదాకా తాగేది.

మాది కొల్లేటి అంచున ఊరు. పెళ్లయిన ఏడాదే మా అత్తగారు కొడుకు చేత కార్తీకదీక్ష పట్టించారు. దీపావళి మర్నాటి నుంచి నెలంతా తెల్లవారుజామున చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, వరండాలో చాప. మా ఆయన తల్లి గీసిన గీత దాటేవారు కాదు. గీత ఎక్కడుందో కనిపించకపోతే అడిగి మరీ ఆగేవారు. అయినా అత్తగారికి నమ్మకం చాల్లేదు. నిప్పు పక్కన నెయ్యి ఉండకూడదన్నారు. నాకు తల్లి లేదు, పెదవేగిలో నాన్న ఒక్కడే చెయ్యి కాల్చుకుంటున్నాడు. అందుకని నెయ్యిని గూడెం పంపించారు.

ఆ నెలంతా నేను గూడెం అత్తయ్య పెరట్లో వాంతులు చేసుకుంటూ గడిపాను. ఆశ్వయుజంలోనే కడుపు పడినట్టుంది. ఆ సంగతి నాకన్నా ముందు ఆవిడే పసిగట్టింది. నిమ్మకాయ ఉప్పులో అద్ది నా నోట్లో పెట్టేది, వీపు రాసేది, వాంతి తగ్గించే వేరొకటి తనకి హిమాలయాల్లో సాధువు ఇచ్చాడని చెప్పేది. ఆవిడ జీవితంలో రాజమండ్రి దాటలేదు. ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, నాకు ఎప్పుడు కడుపొచ్చిందో ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆవిడే.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం, నొప్పీ గిప్పీ లేకుండా, చీర తడిసిపోయింది. చూస్తే రక్తం. కొల్లేరు ఎండి బండిదారి పడ్డ రోజులు కాబట్టి సరిపోయింది గానీ, అదే శ్రావణమైతే తాటిదోనె మీద పడుకోబెట్టి తీసుకెళ్లేవారు, నేను ఇప్పుడు ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు. బీటలు వారిన నేల మీద బండి ఎగిరెగిరి పడుతోంటే మా అత్తగారు ఒక చేత్తో నా తల పట్టుకుని, "భయపడకు, పోతే ముత్తయిదువుగానే పోతావు" అని ధైర్యం చెప్పారు. చెప్పానుగా, ఆవిడ నిజాలు అలా ఉండేవి.

ఏలూరు ఆస్పత్రిలో లేడీ డాక్టరు చూసి, బిడ్డ తరవాత రావాల్సిన మాయ బిడ్డకి ముందుకొచ్చి దారికి అడ్డంగా పడిందనీ, అది ఊడుతోందనీ, ఇక ఆగితే ఇద్దరూ దక్కరనీ చెప్పింది. తరవాత మత్తు. కళ్లు తెరిచేసరికి ఆడపిల్ల. పిల్లని నాకు చూపించారు. చూడకపోయినా బాగుండేదనిపించింది. ఒళ్లంతా దూదిలో చుట్టారు. పక్కన వేణ్నీళ్ల సీసాలు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి పీలిస్తే డొక్కలు లోపలికి గుంటలు పడుతున్నాయి, వదిలితే మూలుగు. పక్కనున్న పెద్ద ఇనప సిలిండరు నుంచి రబ్బరుగొట్టం, గొట్టం చివర గరాటా, ఆ గరాటా పిల్ల మొహం దగ్గర.

"మాయ ఊడిపోయేసరికి లోపల పిల్లకి అందాల్సింది అందలేదండీ" అంది డాక్టరు, వరండాలో మావాళ్లతో. నాకు తలుపులోంచి వినిపిస్తూనే ఉంది. "ఊపిరితిత్తులు ఇంకా బాగా విచ్చుకోలేదు. గుండెలో కూడా చప్పుడు వినిపిస్తోంది. పుట్టాక మూసుకోవాల్సిన దారి ఒకటుంటుంది, అది మూసుకోలేదేమో. మూసుకుంటే అదృష్టం. ఆ ఆక్సిజన్ తియ్యకూడదు, ఫిల్లరుతో చుక్కచుక్కా పాలు పట్టాలి, ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఎండాకాలం కాబట్టి పిల్ల చల్లబడకుండా ఉంది, అదొక్కటే మనకి కలిసొచ్చింది."

"ఎన్నో నెలండీ ఇది?" అన్నారు మా అత్తగారు, తనకి తెలియనట్టు. తనే జవాబు చెప్పారు. "ఎనిమిదోది. ఎనిమిదో నెల బిడ్డ నిలవదు."

అదీ శాస్త్రం. ఏడో నెలలో పుడితే బతుకుతుంది, తొమ్మిదైతే సరేసరి, ఎనిమిదో నెలలో పుట్టింది మాత్రం ఏదో ఋణం తీర్చుకోడానికొచ్చి వెళ్లిపోతుంది. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, దాన్ని అమలు జరిపే పద్ధతి మాత్రం బాగా తెలుసు. ఎనిమిదో నెల బిడ్డ అనగానే గుడ్డలో చుట్టి ఓ పక్కన పెడతారు. పాలు పట్టరు. బిడ్డ పోతుంది. శాస్త్రం మళ్లీ నిజమైందని చెప్పుకుంటారు. మా వీధిలో అలా పక్కన పెట్టిన బిడ్డల్ని నేను చూశాను. ఇప్పుడు నా బిడ్డ వంతు వచ్చింది.

"ఆ గొట్టాలు తీసేయమను అబ్బాయ్" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలే ఉంది. అదే నన్ను చంపేసింది. "పోయేదాన్ని పట్టుకుని వేళ్లాడితే దానికీ హింసే, మనకీ పాపమే. గాలి కూడా గొట్టంలోంచి పట్టాలా? ఇంటికి తీసుకుపోదాం. నా ఒళ్లో ప్రాణం పోతే దానికి పుణ్యలోకాలు."

"తీసుకెళ్తే ఏలూరు పొలిమేర కూడా దాటదండీ" అంది డాక్టరు.

మా ఆయన తువ్వాలు మెలిపెడుతూ నిలబడ్డారు. గీత ఎక్కడుందో ఈసారి ఎవర్నడగాలో తెలియక. నేను అరుద్దామనుకున్నాను. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని మంచం దిగబోయాను.

సరిగ్గా అప్పుడే చంకలో మూట, చేతిలో మరచెంబుతో గూడెం అత్తయ్య ఊడిపడింది. నా సంగతి చెబుతూ ఎవరో గూడెం కబురంపితే వచ్చిందిట. వస్తూనే, మూట కింద పెట్టకుండానే, "ఎనిమిదా? ఎవరన్నారు ఎనిమిదని?" అంది.

"నేనన్నాను" అన్నారు అత్తగారు. "ఆశ్వయుజంలో బయట చేరింది. మళ్లీ చేరలేదు. లెక్కేసుకో."

"మీ ఇంట్లో చేరలేదు. మా ఇంట్లో చేరింది." కొంగు చివర పెదాల మూలకి వెళ్లడం నాకు తలుపు సందులోంచి కనిపించింది. "అబద్ధమెందుకాడాలి వదినా, నాగులచవితి వెళ్లగానే మా పెరటి సావిట్లో మూడు రోజులూ మూల కూర్చుంది. విస్తరాకులో అన్నం నేనే దూరం నుంచి జరిపాను. ఇది ఏడో నెలే. మీ అన్నయ్యగారి మీదొట్టు."

గూడెంలో ఆ అమాయకుడు ఆ క్షణాన దగ్గే ఉంటాడు.

మా అత్తగారు తెల్లబోయారు. ఎగురుతున్న విమానానికి మజ్జిగ అందించిందంటే ఆవిడ నమ్మరు గానీ, ఆడది మూల కూర్చోవడం గురించి అబద్ధమాడుతుందంటే కూడా ఆవిడ నమ్మరు. అలాంటి విషయాల్లో కూడా అబద్ధాలుంటాయని ఆవిడ ఊహకే అందలేదు. "ఏడో నెలా! మా తాతగారు ఏడో నెల బిడ్డే. మనవల పెళ్లిళ్లు చూసి మరీ పోయారు" అన్నారు. మరుక్షణం లోపలికొచ్చి నర్సు మీద విరుచుకుపడ్డారు. "పాలు పట్టరేమమ్మా? ఆ గరాటా సరిగ్గా పెట్టు, గాలంతా గోడకి పోతోంది!" అప్పటిదాకా పాపమైన గొట్టం అప్పుడే పుణ్యమైపోయింది.

డాక్టరు మాత్రం పిల్ల చేతివేళ్లు చూసి, "గోళ్లు చూస్తే ఎనిమిదిలాగే ఉందే" అంది.

"మా వంశంలో గోళ్లు తొందరగా పెరుగుతాయండి" అంది గూడెం అత్తయ్య.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. గూడెం అత్తయ్యకి ఒక అబద్ధం ఆడేముందు అది రెండో వైపు ఎక్కడ అతుకుతుందో చూసుకునే అలవాటు లేదు. అది కొన్నాళ్లకి బయటపడింది. పిల్ల పెదాలకి కాస్త రంగు తిరిగింది గానీ గుండె చప్పుడు అలాగే ఉంది. పాలు తాగుతూ తాగుతూ ఊపిరందక నీలమైపోయేది. గరాటా కాసేపు తీస్తే చాలు, మళ్లీ డొక్కలెగరేసేది. ఒక పొద్దున్న మా అత్తగారు వరండాలో గోడకి ఆనుకుని వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ ఉన్నారు. జపం అనుకున్నాం. అది నెలల లెక్క.

"అమ్మాయ్" అన్నారు ఆడపడుచుతో, మెల్లగా. "కార్తీకంలో మీ ఇంట్లో మూల కూర్చుంది. మార్గశిరంలో మా ఇంటికొచ్చాక కూర్చోలేదు. అంటే కడుపు పడింది కార్తీకంలో, మీ ఇంట్లో ఉండగా. కార్తీకమంతా నా కొడుకు నా వరండాలో చాప మీద పడుకున్నాడు. మరి..."

ఆ "మరి" దగ్గర ఆగిపోయారు. ఆ తరవాతి మాట ఆవిడ నోటితో అననక్కర్లేదు. వరండా అంతా వినేసింది. గూడెం అత్తయ్య వైపు చూశాను. అంత నోరున్న మనిషి బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. కొంగు పెదాల దాకా వెళ్లింది గానీ వెనక ఏమీ రాలేదు. కడుపులో ఒక మాయ అడ్డం పడితే డాక్టరు తప్పించింది, ఈవిడ మాయ అడ్డం పడితే ఎవరు తప్పిస్తారు? ఎనిమిదే అని నిజం ఒప్పుకుంటే నా మానం నిలుస్తుంది, సాయంత్రానికి గరాటా పోతుంది. ఏడే అంటే పిల్ల ఉంటుంది, నేనుండను. పిల్ల ఉంటే చాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"నేనెళ్లానమ్మా" అన్నారు మా ఆయన.

అందరం తిరిగి చూశాం.

"ఎక్కడికి?"

"గూడెం."

"ఎప్పుడు?"

ఆయనకి అబద్ధమాడటం రాదు. చెమట పట్టేసింది. "కార్తీకంలో గేదెకి తెలకపిండి కోసమని ఏలూరు వెళ్లలేదూ... అప్పుడు. రైలెక్కాను."

మా అత్తగారి కళ్లు పెద్దవయ్యాయి. "అందుకా! అందుకా ఆవేళ వెళ్లినవాడివి మర్నాడు ఒట్టిచేతుల్తో వచ్చావు! కొట్టు కట్టేశారన్నావు!"

నిజానికి ఆవేళ కొట్టు కట్టేసే ఉంది. షావుకారింట్లో ఎవరో పోయారు. పాపం ఆయన చెప్పిన ఆ ఒక్క నిజాన్నీ తల్లే స్వయంగా అబద్ధం కింద కొట్టేసి, ఆయన అబద్ధానికి సాక్ష్యం కింద వేసుకున్నారు. ఆధారం దొరకగానే గూడెం అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. "చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నాడు వదినా! అబద్ధమెందుకాడాలి, తుపాను, గొడుగు లేదు, తడిసి ముద్దై..." మా ఆయన ఆవిడ వైపు ఒక్క చూపు చూశారు. ఆవిడ గొడుగు దగ్గర ఆపేసింది.

దీక్షలో ఉండగా పెళ్లాం కోసం రైలెక్కిన కొడుకు! మా అత్తగారు తల బాదుకున్నారు. నా మీద అనుమానం ఎటు పోయిందో పోయింది, కోపమంతా కొడుకు మీదికి తిరిగింది. వెంటనే పోయి కాలవలో మునిగి రమ్మన్నారు. వైశాఖంలో కాలవలు కట్టేస్తారని ఆ కోపంలో ఆవిడకి గుర్తులేదు. మా ఆయనకి గుర్తున్నా చెప్పలేదు. ఏలూరు కాలవలో మోకాలి లోతు బురదనీళ్లుంటే అందులోనే మునిగి వచ్చి, చెవుల్లో బురదతో వార్డు గుమ్మంలో నిలబడ్డారు. నా వైపు చూసి చిన్నగా నవ్వారు. పెళ్లయ్యాక ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడు. అంతకుముందు ఉన్నది గౌరవం.

కాలవలకి నీళ్లు వదిలేనాటికి పిల్ల గుండెలో చప్పుడు తగ్గిపోయింది. "దారి మూసుకుందండీ" అంది డాక్టరు, నవ్వుతూ. పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం.

మా ఆయన మాత్రం ఆనాటి నుంచి చుట్టాలందరికీ "గూడెం పాసింజరు" అయిపోయారు. ప్రతి కార్తీకంలోనూ తల్లి ఆయన చాపని తన గుమ్మానికి అడ్డంగా వేయించేవారు. గూడెం అత్తయ్య ఏ పెళ్లికి వెళ్లినా ఆ కథ చెప్పేది. మొదట గొడుగు లేకపోవడమే. తరవాత చేతిలో మల్లెపూల పొట్లం వచ్చింది, కార్తీకంలో మల్లెలేమిటని ఎవరూ అడగలేదు. ఇంకొన్నాళ్లకి కదిలే రైల్లోంచి దూకాడు. ఆఖరికి నాతోనే, "ఆ పూట వాడికి నేను పెట్టిన గుమ్మడికాయ పులుసు నీకు గుర్తులేదుటే?" అంది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు పులుసు వాసన వచ్చింది.

ఆవిడ రెండోసారి చచ్చిపోయినప్పుడు, అంటే ఊరికే చూడాలనిపించి టెలిగ్రాం ఇచ్చినప్పుడు, పెరట్లో మేమిద్దరమే ఉన్నాం. పిల్ల జామచెట్టు ఎక్కుతోంది. నాకు గుండె నిండిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "అత్తయ్యా, మీకు తెలిసి కూడా ఆవేళ ఏడో నెలని ఎందుకన్నారండీ? పిల్ల పోతుందని జాలేసిందా?" అని అడిగాను.

ఆవిడ తాంబూలం ఒక దవడ నుంచి రెండో దవడకి మార్చింది. కొంగు పెదాల మూలకి వెళ్లలేదు. "జాలేమిటే? మీ అత్త ఎనిమిదంది కాబట్టి ఏడన్నాను" అంది. "మీ అత్త ఏడంటే నేను ఎనిమిదనేదాన్ని."

చెట్టు మీది పిల్ల వైపు చూశాను. వెళ్లి దాన్ని కొమ్మ మీంచి దింపి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటాను.

ఆ ముసలమ్మ ఈ కార్తీకంలో నిజంగానే పోయింది. మేం వెళ్లేసరికి అరుగు మీదే పడుకోబెట్టారు. మొగుడు పక్కన కూర్చుని ఉన్నాడు, దగ్గడం లేదు. చుట్టూ చేరినవాళ్లు విమానం కథా, రైలు కథా చెప్పుకుని ఏడవలేక నవ్వుతున్నారు. మా అత్తగారు ఆడపడుచు కాళ్ల దగ్గర చతికిలబడ్డారు. తరవాత కళ్లు తుడుచుకుని, జన్మలో అబద్ధమాడి ఎరగని ఆ నోటితో, అందరికీ వినపడేలా అన్నారు.

"బతికినన్నాళ్లూ నోరు తెరిస్తే అబద్ధమే. ఒక్క నా మనవరాలి సంగతిలోనే నిజం చెప్పింది. ఏమే అమ్మాయ్, అంతేనా?"

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన తల దించుకున్నారు. పిల్ల వీధిలో పరుగెడుతోంది, ఆయాసం లేకుండా.

నేను కొంగు చివర పెదాల మూల తుడుచుకున్నాను.

"అబద్ధమెందుకాడాలి అత్తగారూ" అన్నాను, "ఏడో నెలేనండీ."